బడి బయటి పిల్లలు: స్వచ్ఛంద సేవకుల కృషి, పంచాయతీల బాధ్యత

గ్రామ పంచాయతీ కార్యాలయములో రిజిస్టర్లకు కొదువలేదు. ఇంటిపన్ను చెల్లించినవారెవరు, బాకీపడినవారెవరు, వీధి దీపములెన్ని, కుళాయిలెన్ని అను వివరములన్నియు వానిలో దొరకును. కాని గ్రామములో బడియీడు పిల్లలెందరు, వారిలో బడికి పోనివారెవరు అని అడిగినచో వెంటనే పేర్లు చెప్పగల పంచాయతీలు చాల తక్కువ. “ఆ లెక్క బడిలో ఉండును” అని సభ్యులు చెప్పుదురు. బడిలో ఉండునది వచ్చిన పిల్లల లెక్క. ఎన్నడును రాని బిడ్డ పేరు హాజరుపట్టీ కెక్కదు; కొన్నాళ్ళు వచ్చి మానిన బిడ్డ పేరు కొంతకాలమునకు కొట్టివేయబడును. ఆ బిడ్డ ఎవరి చేనిలో ఉన్నదో, ఎవరి గొడ్ల వెంట తిరుగుచున్నాడో తెలిసినవారు గ్రామస్థులే. కావుననే ఈ వ్యాసమును పంచాయతీ సభ్యుల నుద్దేశించి వ్రాయుచున్నాము.

ఈ విషయములో తెలుగు గ్రామములు సాధించిన అనుభవమొకటి దేశమంతటి దృష్టిని ఆకర్షించినది. అది 1991లో రంగారెడ్డి జిల్లాలో మొదలైనది. నేటి వికారాబాదు, మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలు 2016 వరకు ఆ జిల్లాలోని భాగములే యను సంగతి పాఠకులకు తెలిసినదే.

ఆనాటి స్థితిని ముందుగా గుర్తుచేసికొనవలెను. 1991 జనాభా లెక్కల ప్రకారము అప్పటి ఆంధ్రప్రదేశములో ఏడేండ్లు నిండినవారిలో అక్షరాస్యులు నూటికి 44 మంది మాత్రమే. స్త్రీలలో నూటికి 33 మంది. అదే లెక్కలలో పనిచేయు పిల్లలు మన రాష్ట్రములో 16 లక్షలకు పైగా కనబడిరి. దేశములో మరి యే రాష్ట్రములోను అంతమంది లేరు. రాజధానికి కొలది మైళ్ళ దూరములో నున్న పల్లెలలో సైతము ఎనిమిది, పది యేండ్ల బాలురు ఆసాముల ఇండ్లలో జీతమునకు కుదిరి యుండిరి. తండ్రి పుచ్చుకొన్న అప్పునకు బిడ్డ కష్టము జమయగుచుండెను. ఆడపిల్లల పని ఏ లెక్కకును వచ్చెడిది కాదు. తెల్లవారక ముందు నీళ్ళు, పేడ, పొయ్యి; తల్లి కూలికి పోగానే చంటివాడు చంకనెక్కును. “మా పిల్ల ఏ పనీ చేయదు, ఇంటికాడనే ఉంటది” అని తల్లి చెప్పును. ఆ ‘ఇంటికాడ ఉండుట’ యే రోజంతటి చాకిరి.

హైదరాబాదు విశ్వవిద్యాలయములో రాజనీతిశాస్త్ర ఆచార్యులుగా నుండిన శాంతా సిన్హా గారు 1980ల దశకములో శ్రామిక విద్యాపీఠము తరఫున ఈ గ్రామములలో వెట్టికూలీల మధ్య పనిచేయుచుండిరి. వెట్టిలో పెద్దలతో బాటు పిల్లలును పెద్ద సంఖ్యలో ఉన్నారని వారు గమనించిరి. తమ తాతగారైన ప్రముఖ పండితులు మామిడిపూడి వేంకటరంగయ్య గారి స్మారకముగా 1981లో స్థాపింపబడిన ఎం.వి. ఫౌండేషన్ ద్వారా, 1991 నుండి పిల్లలను పని మాన్పించి బడిలో చేర్చు కార్యక్రమమునకు పూనుకొనిరి. కొలది గ్రామములతో ఆరంభమైన ఈ పని క్రమముగా జిల్లా అంతటికిని, తరువాత ఇతర జిల్లాలకును వ్యాపించినది. 2003లో వారికి రామన్ మెగసెసే పురస్కారము లభించెను. 2007లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషను ఏర్పడినప్పుడు దానికి తొలి అధ్యక్షులు వారే.

పురస్కారముల మాట అటుంచి, అక్కడ పని జరిగిన తీరును తెలిసికొనుట మన సభ్యులకు ఎక్కువ ప్రయోజనకరము.

ఆ రోజులలో పెద్దలందరును ఒప్పుకొన్న మాట యొకటి యుండెను. పేదవాని బిడ్డ పనిచేయక తప్పదు. కావున పగలు పనిచేసికొననిచ్చి, రాత్రి రెండు గంటలు చదువు చెప్పవలెనని. 1986 జాతీయ విద్యావిధానము కూడ అనియత విద్యాకేంద్రములకు ప్రాధాన్యమిచ్చెను. ఉద్దేశము మంచిదే. కాని పగలంతయు ఎండలో గొడ్ల వెంట నడచిన పదేండ్ల బాలుడు రాత్రి దీపము ముందు ఎంతసేపు కన్నులు తెరచి కూర్చుండగలడు? ఉన్నవారి బిడ్డకు పగటిబడి, లేనివారి బిడ్డకు రాత్రిబడి యనుట ఏమి న్యాయము? ఎం.వి. ఫౌండేషన్ వారు ఈ మార్గమును అంగీకరింపలేదు. ప్రతి బిడ్డయు పగటిపూట, అందరు పిల్లలు పోవు బడికే పోవలెననిరి. బడిలో లేని ప్రతి బిడ్డను పనిలో నున్న బిడ్డగానే లెక్కింపవలెననిరి. ఈ రెండవ మాట వినుటకు కటువుగా నుండవచ్చును. కాని గ్రామములో ఎవరి బిడ్డ ‘ఊరకనే’ ఉన్నదో ఒక దినము వెంట నుండి చూచినవారికి దీనిలోని నిజము బోధపడును.

ఇక పేదరికము మాట. పేదరికము అబద్ధమని మేము చెప్పుటలేదు. ఐనను ఒకే వాడలో, ఒకే కూలితో బ్రతుకు రెండిండ్లను చూడుడు. ఒక ఇంటి పిల్లలు బడికి పోవుచుందురు, రెండవ ఇంటి పిల్లలు పోరు. ఈ భేదము సంపాదనలోనిది కాదు. చదువురాని తండ్రి బిడ్డను వెంటబెట్టుకొని బడికి పోయినప్పుడు ఏమి జరుగుచుండెనో విచారించినచో కారణము తెలియును. పుట్టిన తేదీ అడుగుదురు, అతనికి తెలియదు. కాగితము పూర్తిచేయుమందురు, చేయలేడు. “ఇన్నేండ్లు ఏమిచేసితివి? ఇప్పుడు సీట్లు లేవు, వచ్చే ఏడు రమ్ము” అందురు. ఆ పూట కూలి పోగొట్టుకొని వచ్చినవాడు రెండవసారి రాడు. తరువాత మనము “వీండ్లకు చదువుమీద శ్రద్ధ లేదు” అందుము.

స్వచ్ఛంద సేవకుల పని ఇచ్చట మొదలైనది. ఈ సేవకులు నగరము నుండి కార్లలో వచ్చిన పెద్దలు కారు. ఆ పల్లెలలోనే పుట్టి, తమ ఇంటిలో మొట్టమొదటిసారిగా చదువుకొన్న యువతీ యువకులు. వారికి ప్రతి ఇల్లు తెలియును, ప్రతి ఇంటివారికి వారు తెలియుదురు. “పెద్దవ్వా” అని పిలిచి అరుగుమీద కూర్చుండగల చనువు వారికి కలదు. వారు మొదట చేసిన పని ఇంటింటికి పోయి పేర్లు వ్రాసికొనుట. అంకెలు కాదు, పేర్లు. ‘ఇరువది ముగ్గురు బడికి రారు’ అని వ్రాసినచో ఎవరికిని కదలిక రాదు. ఫలానా వారి రెండవ పిల్ల, వయస్సు తొమ్మిది, ఫలానా వారి బర్రెలు కాయును అని వ్రాసి గ్రామసభలో చదివినచో సభలో కూర్చున్నవారు ఒకరి మొగము నొకరు చూచుకొందురు.

తరువాత ఆసామిని కలియుట. ఇందులో సేవకులు చూపిన ఓర్పు మెచ్చదగినది. ఆసామిని శత్రువుగా చూచిన యెడల గ్రామము రెండు పాయలగును, బిడ్డ మాత్రము గొడ్ల వెంటనే ఉండును. “పటేలా, నీ కొడుకు యీడువాడే గదా వీడు. నీ కొడుకు సంచి తగిలించుకొని పోవుచుంటే వీడు చూచుచు నిలబడినాడు” అని నెమ్మదిగా చెప్పిరి. ఒకసారి కాదు, పదిసార్లు పోయిరి. పిల్లలను విడిచిపెట్టిన ఆసాములకు సభలో పూలమాలలు వేసి సన్మానించిరి. మాట వినని చోట చట్టము సంగతియు చెప్పిరి. వెట్టి నిర్మూలన చట్టము 1976 నుండి అమలులో నున్నదే. ఆ చట్టము ప్రకారము వెట్టి అప్పు చెల్లదు. దానికై బిడ్డను పనిలో నిలుపుకొను అధికారము ఎవరికిని లేదు.

బిడ్డ పని మానెను. ఇప్పుడు అసలు చిక్కు వచ్చును. ఆరేండ్ల బిడ్డను ఒకటవ తరగతిలో చేర్చుట సులభము. పదేండ్లు నిండిన బిడ్డ సంగతి వేఱు. నాలుగేండ్లు గొడ్లు కాచి వచ్చిన బాలుని పసివాండ్ర నడుమ కూర్చుండబెట్టినచో సిగ్గుతో రెండవనాడు రాడు. పోనీ, వయస్సునుబట్టి ఐదవ తరగతిలో కూర్చుండబెట్టినచో అక్షరము తెలియక తలవంచుకొనును. ఈ చిక్కు తీర్చుటకు ఏర్పడినవే బ్రిడ్జి కోర్సు శిబిరములు. గ్రామస్థులు వీనిని ‘క్యాంపు’ అనిరి. పని నుండి బడికి నడచుటకు వేసిన వంతెన వంటివి ఇవి.

ఈ శిబిరములలో పిల్లలు ఇల్లు విడిచి వచ్చి, అక్కడనే ఉండి చదువుకొనిరి. మొదటి దినములలో పుస్తకము జోలికి పోరు. పాటలు, ఆటలు, కథలు, ముచ్చట్లు. పనిచేసిన బిడ్డకు ఏమియు తెలియదనుకొనుట పొరపాటు. వానలు, పంటలు, పశువుల జబ్బులు వానికి తెలియును. సంతలో లెక్క నోటితోనే కట్టగలడు. తెలియనిది ఒకచోట కదలక గంటసేపు కూర్చుండుట, పెన్సిలు పట్టుట. కొడవలికి అలవాటుపడిన వ్రేళ్ళకు పెన్సిలు లొంగుటకు కొంతకాలము పట్టును. ఒకసారి అక్షరము పట్టుబడిన తరువాత పెద్దపిల్లలు చిన్నపిల్లలకంటె వేగముగా నేర్చుకొందురు. ఐదేండ్ల పాఠములను కొందరు కొన్ని నెలలలో, కొందరు ఏడాదికి పైగా పట్టి పూర్తిచేసిరి. పిదప తమ వయస్సునకు తగిన తరగతిలో చేరిరి. పలువురు ఏడవ తరగతి పరీక్షకు కూర్చుండి, సాంఘిక సంక్షేమ హాస్టళ్ళలో ఉండి పైచదువులకు పోయిరి. ఇంటిమీద బెంగతో శిబిరము నుండి వెళ్ళిపోయిన పిల్లలు లేకపోలేదు. సేవకులు మరల వారి ఇండ్లకు పోయి కూర్చుండిరి.

ఆడపిల్లలను శిబిరమునకు పంపుటకు తల్లిదండ్రులు మొదట ఒప్పుకొనలేదు. “ఆడపిల్లను రాత్రిళ్ళు బయట ఉంచమంటారా?” అనునది న్యాయమైన ప్రశ్నయే. ఆ కారణముననే బాలికలకు వేరు శిబిరములు, అందు స్త్రీ సేవకులు ఏర్పడిరి. తల్లులు వచ్చి రెండు దినములు ఉండి చూచి పోయిరి.

బాలికల విషయములో ప్రత్తివిత్తనపు చేలను గూర్చి చెప్పకతప్పదు. మహబూబునగరు, కర్నూలు ప్రాంతపు సభ్యులకు ఇది కొత్త కాదు. సంకర ప్రత్తివిత్తనము తయారు చేయుటలో, మొగ్గలోని పుప్పొడి భాగమును సాయంకాలము చేతితో తీసివేసి, మరునాటి ఉదయము వేరు రకపు పూవు పుప్పొడిని దానికి అంటించవలెను. దీనినే ‘క్రాసింగ్’ అందురు. ప్రతి పూవునకు, ప్రతి దినము, నెలల తరబడి ఈ పని ఉండును. మొక్క ఎత్తునకు సరిపోవుదురనియు, తక్కువ కూలికి వత్తురనియు, ఎదురు మాటలాడరనియు ఈ పనికి బాలికలనే కోరుకొనిరి. తల్లిదండ్రులకు ముందుగా బయానా ఇచ్చి బాలికలను కుదుర్చుకొనుట వాడుక. పురుగుమందు చల్లిన చేనిలో నిలబడి పనిచేయుటచే తలనొప్పి, వాంతులు వచ్చినవారెందరో. ఈ పని ఖరీఫు కాలమున, సరిగా బడి నడచు నెలలలో వచ్చును. క్రాసింగు ముగిసి తిరిగి వచ్చునప్పటికి బాలిక తరగతిలో వెనుకబడి యుండును. మరుసటి యేడు ఆమె రాదు; రెండేండ్లలో పెండ్లి. ఇచ్చట గ్రామములోని పెద్దలును, ఉపాధ్యాయులును, సేవకులును కలసి విత్తన రైతులతోను, వారి వెనుక నున్న కంపెనీలతోను మాట్లాడవలసివచ్చెను. పెద్దలకు సరియైన కూలి ఇచ్చినయెడల అదే పనికి పెద్దలు వత్తురని తేలినది.

పిల్లలు బడికి వచ్చిన తరువాత మరియొక ఇబ్బంది ఎదురైనది. గదులు చాలలేదు, ఉపాధ్యాయులు చాలలేదు. తెచ్చిన పిల్లలను కూర్చుండబెట్టుటకు చోటు లేదన్న యెడల చేసిన కష్టమంతయు వ్యర్థము. అప్పుడు ముందుకు వచ్చినవి పంచాయతీలే. చావడిని, దేవాలయపు మండపమును తరగతి గదిగా ఇచ్చినవారు కొందరు. చందాలు పోగుచేసి స్థానిక యువకులను విద్యా వాలంటీర్లుగా నియమించినవారు కొందరు. ప్రభుత్వోపాధ్యాయులు సైతము బాలకార్మిక విమోచన వేదిక అను పేర సంఘముగా ఏర్పడి బడివేళల తరువాత ఇండ్లకు తిరిగిరి. మేష్టరు తన ఇంటికి వచ్చి బిడ్డను పంపుమని అడుగుట ఆ తల్లిదండ్రులు ఎన్నడు నెరుగరు.

2001 నాటికి రాష్ట్రములో అక్షరాస్యత నూటికి 60కి చేరెను. పనిచేయు పిల్లల సంఖ్య 13 లక్షలకు పైగా నుండెను. తగ్గినను చాల పెద్ద సంఖ్యయే. ఈ మార్పు ఒక్క సంస్థ వలన వచ్చినదని ఎవరును అనరు. ప్రభుత్వము బడులు పెంచినది, హాస్టళ్ళు తెరచినది, 2003 నుండి వండిన మధ్యాహ్న భోజనము పెట్టుచున్నది. ఐనను వండిన అన్నము బడిలో ఉండగా బిడ్డ చేనిలో ఉన్నచో, ఆ చేనికి పోయి పిలుచుకొని రాగల మనిషి ఒకడు కావలెను గదా.

నేటి సంగతికి వత్తము. ఆనాడు సేవకులు బ్రతిమాలి సాధించినది నేడు చట్టమైనది. 2002లో రాజ్యాంగమునకు చేసిన 86వ సవరణ విద్యను ప్రాథమిక హక్కు చేసినది. ఉచిత నిర్బంధ విద్యా హక్కు చట్టము 2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుండి అమలగుచున్నది. ఆరు నుండి పదునాలుగేండ్ల వయస్సుగల ఏ బిడ్డనైనను వయస్సునకు తగిన తరగతిలో చేర్చుకొని, వెనుకబడిన పాఠములకు ప్రత్యేక శిక్షణ ఇవ్వవలెనని దాని 4వ సెక్షను చెప్పుచున్నది. వయస్సు ధ్రువపత్రము లేదని చేర్చుకొనక పోరాదు. టి.సి. రాలేదని ఆపరాదు. బడులు తెరచి నెలలు గడచినవని తిప్పి పంపరాదు. ఈ మూడు మాటలు ప్రతి వార్డు సభ్యునకును కంఠపాఠముగా నుండవలెను. ఏలయన తండ్రికి ఇవి తెలియవు.

అంతకంటె ముఖ్యమైనది 9వ సెక్షను. స్థానిక సంస్థల విధులు అందు చెప్పబడినవి, పంచాయతీలును స్థానిక సంస్థలే. తన పరిధిలో నివసించు పదునాలుగేండ్ల లోపు పిల్లల వివరములను నమోదు చేసి ఉంచుట, వారు చేరునట్లు, హాజరగునట్లు, చదువు పూర్తిచేయునట్లు చూచుట, వలస వచ్చిన కుటుంబముల పిల్లలను చేర్పించుట అందలివే. బిడ్డ హక్కునకు భంగము కలిగినదని ఎవరైనను 32వ సెక్షను క్రింద వ్రాతపూర్వకముగా ఫిర్యాదు చేసినచో, మూడు నెలలలో పరిష్కరింపవలసినది కూడ స్థానిక సంస్థయే. పంచాయతీకి ఇందులో పనిలేదనుకొను సభ్యులు ఈ సెక్షన్లను ఒకసారి చదివించుకొనుట మంచిది. అట్లే 2016 సవరణ తరువాత పదునాలుగేండ్ల లోపు బిడ్డను పనిలో పెట్టుకొన్నవారికి ఆరు నెలల నుండి రెండేండ్ల వరకు జైలు, లేదా 20 వేల నుండి 50 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండును పడవచ్చును.

వలస పిల్లలను గూర్చి ఒక మాట. మన గ్రామము విడిచి పోయిన పిల్లలను మనము మరచిపోవుదుము, మన గ్రామమునకు వచ్చినవారిని మనవారు కారందుము. ఇటుక బట్టీలకు ఒడిషా నుండి కుటుంబములు వచ్చును. వారి పిల్లలు పంచాయతీ హద్దులోనే ఆరేడు నెలలు ఉందురు, ఏ రిజిస్టరులోను ఉండరు. చట్టము దృష్టిలో వారు ఆ పంచాయతీ పిల్లలే. మన పిల్లలు వలస పోవు చోట్ల, వారిని గ్రామములోనే ఉంచి చదివించుటకు సమగ్ర శిక్ష క్రింద సీజనల్ హాస్టలు కోరవచ్చును. మధ్యలో చదువు మానిన బాలికలకు కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయములు కలవు.

సేవ చేయుటకు వచ్చువారిని గుర్తించుటలో జాగ్రత్త అవసరము. ఏటికొకసారి వచ్చి, నోటు పుస్తకములు పంచి, ఫొటోలు తీయించుకొని పోవువారిని కాదనవలసిన పనిలేదు. పుస్తకములు పిల్లలకు ఉపయోగపడును. కాని బడికి రాని బిడ్డ ఆ పంపకమునకును రాదు. మీకు కావలసినది గ్రామములోనే ఉండి, పది గడపలను తన బాధ్యతగా తీసికొను యువకుడు, యువతి, మహిళా సంఘ సభ్యురాలు. ఇక “మీ పిల్లలను మా ఆశ్రమములో ఉంచి ఉచితముగా చదివించెదము” అని పరాయి ఊరి నుండి వచ్చువారి విషయములో ఎంతమాత్రము ఏమరరాదు. పిల్లలను ఉంచు సంస్థ ఏదైనను 2015 నాటి బాలల న్యాయ చట్టము క్రింద రిజిస్టరు కావలెను. జిల్లాలోని బాలల సంక్షేమ సమితిని విచారింపక ఒక్క బిడ్డనైనను పంపరాదు. అనుమానము కలిగినచో 1098 నంబరునకు ఫోను చేయవలెను. చదువు పేరు చెప్పి తీసికొని పోబడిన పిల్లలు కార్ఖానాలలో దొరికిన సందర్భములు దేశములో కలవు.

పని ఎచ్చట నుండి మొదలిడవలెనని సభ్యులు అడుగవచ్చును. ఒక నోటు పుస్తకముతో మొదలిడవచ్చును. వార్డులవారీగా ప్రతి ఇంటిలో పదునెనిమిదేండ్ల లోపు పిల్లల పేరు, వయస్సు, తరగతి, నేడు ఎక్కడ నున్నదియు వ్రాయవలెను. చట్టము పదునాలుగుతో ఆగినను మీరు పదునెనిమిది వరకు వ్రాయుడు. ఎనిమిదవ తరగతి తరువాత బాలికలు ఎందరు తగ్గుచున్నారో అప్పుడే కనబడును. ఈ జాబితాను హెడ్‌మాస్టరు గారి హాజరుపట్టీతో పోల్చి చూడవలెను. రెండింటికిని తేడా వచ్చిన పేర్లే మీ పని. జూన్‌లో ఒకసారి వ్రాసి ఊరకుండరాదు. దసరా సెలవుల తరువాతను, ప్రత్తి ఏరు కాలములోను, సంక్రాంతి వెళ్ళిన వారములోను మరల చూడవలెను. చెప్పకుండ మానువారు ఆ దినములలోనే మానుదురు. ఐదవ తరగతి ముగించిన పిల్లల పేర్లను వేసవిలోనే ఉన్నతపాఠశాల హెడ్‌మాస్టరునకు అందజేసి, జూన్ రెండవ వారములో ఎందరు చేరిరో కనుగొనవలెను. ఒకరిద్దరు చేరకపోయినచో ఆ ఇంటికి సర్పంచి గారు స్వయముగా పోవుట మేలు.